పాత ఆర్‌ఎక్స్ 100కి రేటు కట్టడానికి నాకు నాలుగు నెలలు పట్టింది

తెనాలిలో హైస్కూల్లో లెక్కలు చెబుతాను. లెక్కల మాస్టారిని కదా, రేటు దగ్గర నన్నెవరూ ముంచలేరని ఒక ధీమా ఉండేది. మొదటి ఆదివారమే అది పోయింది.

ఈ పిచ్చికి కారణం మా చిన్న బావ. నేను ఇంటర్ చదివే రోజుల్లో ఆయన దగ్గర నల్ల యమహా ఆర్‌ఎక్స్ 100 మోటార్ సైకిల్ ఉండేది. వెనక కూర్చోబెట్టుకునేవాడు కానీ తాళం ఒక్కసారి కూడా చేతికివ్వలేదు. ఇప్పుడు పిల్లలు పెద్దవాళ్లయ్యారు, ఇంటి లోను తీరిపోయింది, సరే కొందాం అనుకున్నాను. ఆ మోడల్ తయారీ 1996లోనే ఆగిపోయింది. అంటే 2024 నాటికి ఎంత కొత్తదన్నా 28 ఏళ్ల బండి. షోరూం రేటు లేదు. అయిదేళ్లు దాటిన బండి విలువ ఎంతో ఇన్సూరెన్స్ వాళ్ల పట్టికలో కూడా ఉండదు. అమ్మేవాడూ కొనేవాడూ ఎంత అనుకుంటే అంతే. అరవై వేలన్నవాళ్లున్నారు, లక్షా డెబ్బై అన్నవాళ్లూ ఉన్నారు. ఫోటోల్లో అన్నీ ఒకేలా మెరుస్తున్నాయి.

2024 నవంబరు 17, ఆదివారం. హైదరాబాద్ వెళ్లాను. అమ్మే కుర్రాడు లక్షా ముప్పై అయిదు వేలు చెప్పాడు. ఎర్ర ట్యాంకు, కొత్త క్రోము, కొత్త సీటు, ఎండలో పెడితే కళ్లు చెదిరిపోతున్నాయి. "అన్నా, ఇంజన్ మొత్తం జపాన్ సామానే, కండిషన్ నువ్వే చూస్కో" అన్నాడు. నంబరు చూద్దామని వంగితే సైలెన్సర్‌కి పిక్క తగిలి చురుక్కుమంది. దాన్ని పట్టించుకునే స్థితిలో లేను. అతను కిక్కు కొట్టాడు. ఒక్క కిక్కుకే అందుకుంది. ఆ శబ్దం, పెట్రోల్లో కలిసి కాలే ఆ టూటీ ఆయిల్ వాసన! నా మెదడు అక్కడితో పనిచేయడం మానేసిందనే చెప్పాలి. గల్లీలో రెండు రౌండ్లు కొట్టి, ఎవరో ఇంకొకాయన సాయంత్రం వస్తున్నాడంటే భయపడి, అయిదు వేలు టోకెన్ ఫోన్‌లోనే పంపేశాను. ఆర్‌సీ, ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు ఫోటోలు తీసుకున్నాను. ఆ ఒక్క పని మాత్రం బుద్ధిగా చేశాను.

మర్నాడు సాయంత్రం విజయవాడ ఆటోనగర్‌లో మాకు తెలిసిన మేస్త్రి దగ్గరికి వెళ్లాను. అరవై దాటాయి ఆయనకి. టూ స్ట్రోక్ బండ్లు, అంటే ఇలా పెట్రోల్‌తో పాటు ఆయిల్ కూడా కాల్చే బండ్లు తప్ప వేరేవి ముట్టుకోడు. సంతోషంగా పిక్క మీది బొబ్బ చూపించి, బండి భలే ఉంది మేస్త్రీ అన్నాను.

"కాలింది స్టార్ట్ చేయక ముందా, చేశాకా?"

"ముందే."

"మరి మీరు వెళ్లేసరికే వేడిగా ఉందన్నమాట. చల్లటి ఇంజను అయితే ఎన్ని కిక్కులకి లేస్తుందో మీకు తెలియనివ్వలేదు మాస్టారూ."

తర్వాత ఫోటోలు పెద్దవి చేసి చూశాడు. ఆర్‌ఎక్స్ 100 ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు 1ఎల్1తో మొదలవుతాయి. ఈ బండి ఆర్‌సీలోనూ అదే ఉంది, ఇంజన్ మీదా అదే ఉంది. కానీ ఇంజన్ మీద అంకెలు ఒక వరుసలో లేవు. ఒక ఒకటి లోతుగా ఉంది, పక్కది పైపైన ఉంది. చుట్టూ ఆకురాయితో రాసిన గీతలు. "ఇంజన్ బయటి కేసు మార్చి నంబరు కొట్టారు. లోపల ఆర్‌ఎక్స్ 135 మోడల్ ఇంజన్ ఉన్నా ఆశ్చర్యపోను" అన్నాడు. నాకు చెమట పట్టింది. అలాంటి బండిని ఆర్టీఏ ఆఫీసుకి తీసుకెళితే పట్టుబడేది నేనే కదా. పైగా అది ఏపీ 9 నంబరు. ఏపీ అని రాసి ఉన్నా 2014 తర్వాత అది తెలంగాణ బండే. తెనాలి తెచ్చుకోవాలంటే అక్కడి నుంచి ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న కాగితం తీయాలి. ఆ సంగతి కూడా నేను అడగలేదు, అతనూ చెప్పలేదు.

టోకెన్ వెనక్కి రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. రోజూ ఫోన్. ఒక రోజు ఎత్తడు, ఒక రోజు "రేపు పక్కా అన్నా" అంటాడు. చివరికి రెండు వేలు కోసుకుని మూడు వేలు పంపాడు. ఇంట్లో మూడు వేల సంగతే చెప్పాను.

మేస్త్రి ఒక షరతు పెట్టాడు. ఈసారి తను లేకుండా వెళ్లొద్దు, తను చెప్పేదాకా నోరు తెరవొద్దు. రోజుకి ఎనిమిది వందలు, భోజనం. ఇంత చవకైన ఇన్సూరెన్స్ నేనెప్పుడూ కట్టలేదు.

డిసెంబరు 8న రేపల్లె వైపు ఒక పల్లెటూరు వెళ్లాం. నలభై వేలు చెప్పారు. పశువుల కొట్టంలో, పాత దూలాల వెనక, గోనెపట్టా కప్పి ఉంది. పట్టా తీస్తే దుమ్ము లేచింది, ఒక కోడి కూడా లేచింది. తొమ్మిదేళ్లుగా కదల్లేదట. రెండు టైర్లూ నేలకి అతుక్కుపోయాయి. నాకది చూడగానే తుప్పు ముద్దలా అనిపించింది. మేస్త్రి మాత్రం చాలాసేపు మోకాళ్ల మీద కూర్చుని మౌనంగా చూశాడు. చైను పళ్లచక్రం దగ్గర కవరు విప్పి వేలు పెట్టి తడిమాడు. చైను తెగినప్పుడు ముందు దెబ్బ తినేది ఆ మూలేనట. చాలా బండ్లకి అక్కడ కేసు పగిలి వెల్డింగ్ చేసి ఉంటుంది. దీనికి లేదు. నంబర్లు కంపెనీ కొట్టినవి కొట్టినట్టే ఉన్నాయి. మీటరు, హెడ్‌లైటు గిన్నె, చక్రాల రిమ్ములు అన్నీ మొదటివే. కిక్కు మాత్రం కదల్లేదు. పిస్టన్ బిగుసుకుపోయింది.

కాగితాలు అడిగాం. అట్ట ఊడిన పాత పుస్తకం ఆర్‌సీ తెచ్చారు. ఫోన్‌లో ఆర్‌సీ వివరాలు చూసే యాప్ తెరిచి నంబరు కొడితే ఏమీ రాలేదు. ఆ పుస్తకం కంప్యూటర్‌లోకి ఎక్కనే లేదు. పదిహేనేళ్ల గడువు ఎప్పుడో అయిపోయింది, ఒక్కసారి కూడా రెన్యువల్ చేయించలేదు. మోటార్ సైకిల్‌కి రెన్యువల్ ఆలస్యమైతే నెలకి 300 చొప్పున అదనపు రుసుము ఉంటుంది. ఇవన్నీ ఒక ఎత్తు. ఓనరు 2016లో పోయారు. భార్య, ముగ్గురు కొడుకులు. ఇద్దరు ఊళ్లో లేరు. ముందు బండి వారసుల పేరు మీదికి మారాలి, దానికి ఫారం 31, వారసత్వ సర్టిఫికెట్, మిగతా వాళ్ల సంతకాలు. ఆ తర్వాతే నాకు.

ఆ పెద్దావిడ మా ఇద్దరికీ మజ్జిగ తెచ్చిచ్చి, స్తంభానికి ఆనుకుని నిలబడింది. "ఆయన రోజూ తుడిచేవారు బాబూ. నేను ఒక్క రోజు కూడా ఎక్కలేదు, భయమేసేది" అంది. చిన్న కొడుకు నన్ను పక్కకి పిలిచి, "మీరే ఓ మాట చెప్పండి సార్, ఎంతకి తీసుకుంటారు" అన్నాడు. నేను మేస్త్రి వైపు చూశాను. ఆయన మజ్జిగ తాగేసి, "రోడ్డెక్కే బండిగా దీనికి నేను రేటు కట్టలేనయ్యా. విడిభాగాలుగా అయితే ఇరవై రెండు. కానీ మాస్టారికి కావాల్సింది విడిభాగాలు కాదు" అన్నాడు. దారిలో నాకు మనసు ఒప్పలేదు. ఆ బండి మొదటి దానికంటే నూరు రెట్లు నిజమైనది. అదే మాట అంటే మేస్త్రి, "నిజమే. పెళ్లికూతురు మంచిదే, ముహూర్తమే లేదు" అన్నాడు.

మూడోది పొన్నూరులో. డిసెంబరు 29. ఓనరు కరెంటు డిపార్ట్‌మెంట్‌లో లైన్‌మన్‌గా చేసి రిటైరైన పెద్దమనిషి. 1994 బండి, ఏపీ 7, అంటే మన గుంటూరు నంబరే, ఆయన రెండో ఓనరు. డెబ్బై రెండు వేలు చెప్పారు. ముందు రోజు మేస్త్రి నాతో ఫోన్ చేయించాడు: "రేపు మేం వచ్చేదాకా దయచేసి స్టార్ట్ చేయొద్దండి." వెళ్లగానే మేస్త్రి ముందు పలకరించింది ఇంజన్‌నే, అరచేయి ఆనించి. చల్లగా ఉంది. ఆ తర్వాతే మనిషికి నమస్కారం పెట్టాడు.

బండి చూస్తే నాకు నీరుగారిపోయింది. బ్రష్షుతో పెయింట్ వేశారు, స్తంభాలకి వేసే రంగేమో అనిపించేలా ఉంది. సీటు చిరిగి స్పాంజి బయటికొచ్చింది. ఒక ఇండికేటర్ లేదు. మేస్త్రి మొహం వెలిగిపోయింది. "అమ్మడానికి ముస్తాబు చేసిన బండి కాదు ఇది. ఉన్న రోగాలన్నీ పైకే కనబడతాయి" అన్నాడు నా చెవిలో.

ఆయన చూసిన పద్ధతి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఆ రెండు గంటల్లోనే నాకు ఈ వ్యవహారం అర్థమైంది.

కిక్కులు లెక్కపెట్టాడు. చోక్ వేసి నాలుగో కిక్కుకి లేచింది. ముప్పై ఏళ్ల బండి చలికాలం పొద్దున నాలుగింటికి లేస్తే బాగున్నట్టే అన్నాడు. పొడుగాటి స్క్రూడ్రైవర్ కొన కేసు మీద పెట్టి, పిడి చెవికి ఆనించుకుని విన్నాడు. నన్నూ వినమన్నాడు. నాకు వర్షంలో రేకుల కప్పులా వినబడింది, అంతే. ఆయనకి మాత్రం పిస్టన్ వేరే, బేరింగ్ వేరే వినబడ్డాయి. ఆపేసి, ప్లగ్ విప్పి, మాగ్నెట్ కవరు తీసి, చక్రాన్ని చేత్తో అటూ ఇటూ సన్నగా కదిపాడు. కదిపినప్పుడు పిస్టన్ కదలడానికి ముందు కొద్దిగా ఖాళీ ఆట ఉంది. అంటే పిస్టన్ ఊపుని గుండ్రంగా తిప్పే ఇరుసు, క్రాంకు, అరిగిందన్నమాట. "క్రాంకు పని ఉంది" అన్నాడు. గట్టిగా, లైన్‌మన్ గారికి వినబడేలా.

తర్వాత మామూలుగా కబుర్లు చెబుతున్నట్టు అడిగాడు: "గేరాయిల్ ఎన్నాళ్లకోసారి పోస్తారండీ?"

"ఎక్కడా కారదు కానీ తగ్గుతుంటుందండీ. నెలకోసారి కాస్త పోస్తుంటా" అన్నారాయన అమాయకంగా.

మేస్త్రి నా వైపు చూసి కనుబొమ్మ ఎగరేశాడు. బయట కారకుండా తగ్గుతోందంటే లోపలికే పోతోందన్నమాట. క్లచ్ వైపు క్రాంకు సీలు పోతే, ఇంజన్ గేరాయిల్‌ని పీల్చుకుని పొగ చేసేస్తుంది. టూ స్ట్రోక్ పొగ రావడం మామూలే కదా అని ఎవరూ పట్టించుకోరు. ఈ ప్రశ్న ఏ బండి చూసినా అడగండి, మనుషులు దీనికి అబద్ధం చెప్పరు. చెప్పాల్సిన అవసరం ఉందని వాళ్లకి తెలియదు.

మీటరు 23 వేల కిలోమీటర్లు చూపిస్తోంది. ఎప్పటి నుంచి అని అడిగితే లైన్‌మన్ గారే నవ్వేశారు. కేబుల్ తెగి పదిహేనేళ్లయిందట. మేస్త్రి మీటరు వంక చూడనే లేదు. ఫుట్‌రెస్ట్ రబ్బర్లు, గేరు రాడ్డు చివర, కిక్కు రాడ్డు పళ్లు చూశాడు. అరుగుదల అక్కడ దాగదు. జేబులోంచి పాత స్పీకర్‌లోని అయస్కాంతం తీసి, గుడ్డ చుట్టి, ట్యాంకు మీద అంగుళం అంగుళం నడిపించాడు. ఎడమ పక్క గుప్పెడంత చోట పట్టుకోలేదు. అక్కడ సొట్టపోతే పుట్టీ నింపారు. మూత తీసి ఫోన్ లైటు వేసి లోపల చూస్తే అడుగున తుప్పు లేదు. పురికొస తీసి వెనక టైరు నుంచి ముందు టైరుకి రెండు వైపులా లాగి, చక్రాలు ఒకే గీతలో ఉన్నాయో లేదో చూశాడు. ఉన్నాయి. అంటే ఫ్రేము వంగలేదు. సెంటర్ స్టాండ్ మీద ముందు చక్రం లేపి హ్యాండిల్ తిప్పితే మధ్యలో టక్కున ఆగుతోంది. కోన్‌సెట్, అంటే హ్యాండిల్ తిరిగే బేరింగుల సెట్టు పోయింది. అది చిన్న ఖర్చే. కేసు మీద వెల్డింగ్ లేదు, ఇంజన్ నంబరు సరిగ్గా ఉంది.

యాప్‌లో నంబరు కొడితే ఈసారి వివరాలొచ్చాయి. 2024 ఆగస్టులో రెన్యువల్ చేయించారు, 2029 దాకా ఉంది. సంతోషించేలోపు కింద ఇంకో గీత కనబడింది. ఫైనాన్స్: ఫలానా బ్యాంకు. మొదటి ఓనరు 1994లో లోను మీద కొన్నాడు, లోను తీర్చాడు, కానీ ఆర్‌సీలో ఆ హైపోతికేషన్, అంటే బండి బ్యాంకు తాకట్టులో ఉందన్న మాట, తీయించలేదు. ముప్పై ఏళ్లుగా అది అలాగే వస్తోంది. లైన్‌మన్ గారికి ఆ సంగతే తెలియదు. ఆయన ఎంత కంగారుపడ్డారంటే, ఆ అప్పు ఇప్పుడు ఆయన్ని కట్టమంటారేమోనని భార్యని పిలిచి మంచినీళ్లు తెమ్మన్నారు.

వేపచెట్టు కింద కూర్చుని మేస్త్రి పిస్టన్ డబ్బా అట్ట చింపి, దాని మీద లెక్క వేశాడు. ఆ అట్ట ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఒరిజినల్ కేసు, సరైన కాగితాలు, మంచి ఇంజన్ ఉన్న బండి మన వైపు 85 వేలు పలుకుతుంది అని పైన రాశాడు. కింద తీసివేతలు: క్రాంకు పని, అంటే కాన్‌రాడ్ కిట్టు, బేరింగులు, సీళ్లు, ప్రెస్సింగ్ కలిపి 6,500. బోరు, పిస్టన్ 3,000. టైర్లు ట్యూబులు 4,200. చైన్ సెట్టు 1,400. వైరింగు, బ్యాటరీ 3,000. కోన్‌సెట్, బుష్షులు, ముందు ఫోర్కు సీళ్లు 2,400. సీటు, కేబుళ్లు, బ్రేకు షూలు 2,000. మొత్తం 22,500. కాగితాల తలనొప్పికి 3,500. చివర్న ఇంకో 5,000 తీశాడు, ఎదురుగా ఏమీ రాయకుండా.

"ఇది దేనికి మేస్త్రీ?"

"విప్పితే కానీ తెలియనిదానికి."

54,000 వచ్చింది. పెయింట్‌కి ఒక్క రూపాయి కూడా లెక్కలోకి రాలేదని అప్పుడు గమనించాను. హైదరాబాద్‌లో నేను డబ్బు పెట్టబోయింది దానికే.

బేరం గంట నడిచింది. యాభై అన్నాం. ఆయన అరవై అయిదు దగ్గర ఆగిపోయారు. మేస్త్రి అట్ట ఆయన చేతికే ఇచ్చి చూసుకోమన్నాడు. నాకు ఇది నచ్చింది. దాచిపెట్టి బేరమాడటం కాకుండా లెక్క ముందు పెట్టేశాడు. లైన్‌మన్ గారు కళ్లజోడు పెట్టుకుని ఒక్కో గీతా చదివి, "సీటు నేను కుట్టించి ఇస్తా, యాభై ఆరు చేయండి" అన్నారు. సరేనన్నాం. పదివేలు అడ్వాన్స్, మిగతాది బ్యాంకు లెటరు వచ్చాక.

ఇక్కడి నుంచి బండి కథ ఆగి కాగితాల కథ మొదలైంది. ఆ బ్యాంకు పేరే ఇప్పుడు లేదు, ఇంకో పెద్ద బ్యాంకులో కలిసిపోయింది. జనవరి 6న ఆ కొత్త బ్యాంకు బ్రాంచికి వెళ్లి అర్జీ ఇచ్చాం. 1994 నాటి లోను ఖాతా నంబరు మా దగ్గర లేదు, వాళ్ల దగ్గరా లేదు. మధ్యలో సంక్రాంతి వచ్చింది. నాలుగుసార్లు తిరిగాను. బాకీ ఏమీ లేదంటూ లెటరు, సంతకాలు చేసిన ఫారం 35 ఫిబ్రవరి 3న చేతికొచ్చాయి. ఇరవై ఎనిమిది రోజులు. ఆ రోజుల్లో ప్రతి రాత్రీ పదివేలు పోయాయనే అనుకుని పడుకున్నాను.

తర్వాతి దెబ్బ ఊహించనిది. పేరు మార్పిడికి ఆన్‌లైన్‌లో అప్లికేషన్ పెడితే ఓనరు ఆధార్‌కి లింకయిన ఫోన్‌కి ఓటీపీ వెళుతుంది. లైన్‌మన్ గారి ఆధార్‌కి ఉన్నది వాళ్లబ్బాయి ఎప్పుడో వదిలేసిన పాత నంబరు. ఫిబ్రవరి 6న ఆయన్ని ఆధార్ సెంటర్‌కి తీసుకెళ్లి 50 రూపాయలు కట్టి నంబరు మార్పించాం. ఎనిమిది రోజులకి ఓటీపీ రావడం మొదలైంది. అడ్వాన్స్ ఇచ్చే ముందు అమ్మేవాళ్లని ఈ ఒక్క మాట అడిగి ఉంటే ఆ ఎనిమిది రోజులూ బ్యాంకు లెటరు కోసం ఆగిన రోజుల్లోనే కలిసిపోయేవి. ఇన్సూరెన్స్ కూడా లేదు. థర్డ్ పార్టీకి 714, జీఎస్టీతో 843 అయింది. ఇంత పాత బండికి ఫుల్ ఇన్సూరెన్స్ ఎవరూ ఇవ్వరట.

ఫిబ్రవరి 19న బండి తీసుకుని ఆర్టీఏ ఆఫీసుకి వెళ్లాం. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో ప్రింట్ తీయాలి. ఆ బ్రష్షు పెయింట్ రెండు పొరలు నంబరు మీద కూడా పూసి ఉంది. పొన్నూరులో ఆ అంకెలు చదవగలిగాం కానీ, పెన్సిల్ రుద్దితే అంకెలకి బదులు గచ్చు నేల అచ్చు పడినట్టు వచ్చింది. ఎదురు షాపులో థిన్నర్ కొని, నా కర్చీఫ్‌తో హ్యాండిల్ కింద మెడ దగ్గర అరగంట తుడిచాను. 1ఎల్1 బయటపడినప్పుడు నాకు గుడిలో హారతి చూసినట్టుంది. లైన్‌మన్ గారు ఆ ఎండలో పొద్దున పది నుంచి రెండింటి దాకా నాతోనే నిలబడ్డారు. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. మిగతా నలభై ఆరు వేలూ ఆ సాయంత్రమే ఇచ్చేశాను.

నేను బయల్దేరి గేటు దాటాక ఆయన వెనకనుంచి కేకేశారు. "మాస్టారూ, పెట్రోల్లో ఆయిల్ కలపడం మర్చిపోకండి! పంపు ఎప్పుడో తీసేశాం!" నాకు గుండె ఆగినంత పనైంది. పక్కన ఆయిల్ ట్యాంకు ఉంది కదా, అదే పోసుకుంటుందిలే అనుకున్నాను. బంకులో ఉత్త పెట్రోలు కొట్టించుకుని తెనాలి దాకా వచ్చి ఉంటే పిస్టన్ దారిలోనే పట్టేసేది. మేస్త్రి రెండు గంటలు చూశాడు కానీ ఆయన కూడా ఈ మాట అడగలేదు. తర్వాత చెబితే చాలాసేపు మాట్లాడలేదు. లీటరుకి 30 మిల్లీలీటర్లు కలపమని మాత్రం అన్నాడు.

ఫిబ్రవరి 27న ఆర్‌సీ నా పేరు మీదికి వచ్చింది. మార్చి 2న ఇంజన్ విప్పారు. నేను సెలవు రోజు కాబట్టి పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాను. బోరు, అంటే పిస్టన్ ఆడే గొట్టం, అరిగినప్పుడల్లా కోసి పెద్దది చేస్తారు; ఇది 0.50 సైజులో ఉంది. ఇంకో రెండుసార్లు, 0.75కీ 1.00కీ వేయించుకునే వీలుంది. మేస్త్రి ఒక్క బోరే మిగిలి ఉంటుందనుకున్నాడట, అది లాభం. క్రాంకు సీలు ఆయన చెప్పినట్టే రాయిలా గట్టిపడిపోయింది. క్లచ్ ప్లేట్లు, గేర్లలో ఒకటి ఆయన లెక్కలో లేవు. ఆయిల్ పంపు మళ్లీ పెట్టించడానికి 1,800. మొత్తం 27,900 అయింది, అట్ట మీది 22,500కి బదులు. దేనికో రాయకుండా తీసిన ఆ అయిదు వేలు ఎక్కడికెళ్లాయో అప్పుడు చూశాను. నాలుగు వందలు పైనే పడింది.

బండికి 56,000, రిపేరుకి 27,900, ఇన్సూరెన్స్, ఏజెంటు అన్నీ కలిపి కాగితాలకి 4,150, హైదరాబాద్‌లో వదిలేసిన 2,000, ప్రయాణాలు, మేస్త్రి కూలి 2,300. మొత్తం 92,350. మంచి బండి 85 వేలకే వస్తుందని మేస్త్రి అట్ట మీద రాసిందాన్ని బట్టి నేను 7,350 ఎక్కువ పెట్టాను. ఇదే అంటే ఆయన ఒప్పుకోలేదు. "రైలు చార్జీలు, మీ హైదరాబాద్ సరదా బండి లెక్కలో వేయకండి మాస్టారూ." అవి తీసేసినా మూడు వేలు తేడా వస్తోంది. ఆయనకి చెప్పలేదు.

మార్చి 22న బండి ఇంటికొచ్చింది. బ్రష్షు పెయింట్ అలాగే ఉంది, మీటరు ఇంకా తిరగడం లేదు. ఉగాదికి చిన్న బావ వచ్చాడు. చుట్టూ తిరిగి చూసి, "ఇదేంట్రా, రంగు ఇలా ఉంది" అన్నాడు. చల్లటి ఇంజన్ మీద రెండో కిక్కుకి లేపి చూపించాను.

ఆ వారంలోనే రేపల్లె కుర్రాడు ఫోన్ చేశాడు. బండి అమ్మేశాడట, విడిభాగాలుగానే, 35 వేలకి. "మీ మేస్త్రి ఇరవై రెండే అన్నారు కదండీ" అని కొంచెం నిష్ఠూరంగా అన్నాడు. నేను వెంటనే మేస్త్రికి ఫోన్ చేసి చెప్పాను. అవతల లేత్ తిరుగుతున్న చప్పుడు. కాసేపు ఆగి, "కొన్నవాడికి మీటరు కావాల్సి వచ్చిందేమో" అన్నాడు. ఆ తర్వాత మెల్లిగా, "ఆ హెడ్‌లైటు గిన్నె కూడా ఒరిజినలే మాస్టారూ, నేనే తక్కువ వేశా" అని పెట్టేశాడు.